అటూ మనోళ్లే... ఇటూ మనోళ్లే!

టెస్టు క్రికెట్‌లో రికార్డు ఎంత గొప్పదైనా ఏదో ఒకరోజు ఎవరో ఒకరు దాటేస్తారు. కాకతాళీయాన్ని మాత్రం ఎవరూ దాటలేరు. అలాంటి కాకతాళీయాలు బెంగళూరునీ హైదరాబాదునీ పదేపదే ఒకచోట కూర్చోబెట్టిన తీరు చూస్తే, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల అంచున ఉన్న పావగడ వాళ్లకు రెట్టింపు సంబరం.

1999 ఫిబ్రవరి 7. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానం. భారత్ ఇచ్చిన లక్ష్యం 420. వికెట్ పోకుండా 101 పరుగుల దాకా వచ్చిన పాకిస్థాన్, ఆ తర్వాత తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. తొమ్మిదీ అనిల్ కుంబ్లే ఖాతాలోవే. పదోది కూడా అతనికే దక్కాలని అవతలి ఎండ్‌లో జవగళ్ శ్రీనాథ్ బంతుల్ని వికెట్లకు దూరంగా విసురుతున్నాడు. పొరపాటున కూడా తనకు వికెట్ పడకూడదు! మళ్లీ కుంబ్లే చేతికి బంతి వచ్చింది. వసీం అక్రమ్ ఆడిన బంతి నేరుగా షార్ట్‌లెగ్‌లో ఉన్న వి.వి.ఎస్. లక్ష్మణ్ చేతుల్లో పడింది. 26.3 ఓవర్లు, 9 మెయిడెన్లు, 74 పరుగులు, 10 వికెట్లు.

ఇప్పుడు మైదానంలో ఎవరెవరున్నారో చూడండి. బౌలర్ బెంగళూరు. అవతలి ఎండ్‌లో ఓపిగ్గా కాచుకున్న శ్రీనాథ్ మైసూరు. కుంబ్లే ఎండ్‌లో నిలబడి వేలెత్తిన అంపైర్ ఎ.వి. జయప్రకాశ్ కర్ణాటక తరఫున రంజీ ఆడిన మనిషి. క్యాచ్ పట్టిన లక్ష్మణ్ హైదరాబాద్. కెప్టెన్ అజహరుద్దీన్ కూడా హైదరాబాదే.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఈ లెక్కకు వేరే రుచి ఉంటుంది. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. జిల్లా కేంద్రానికి పోయే దారిలో కూడా ఆంధ్ర నేల తగులుతుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కొండమీద కోట, ఊళ్లో శని మహాత్ముడి గుడి, వేరుశనగ చేలు, ఇప్పుడు తిరుమణి చుట్టూ పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు. క్రికెట్ విషయానికొస్తే ఈ తాలూకా పెళ్లికి రెండు వైపుల నుంచీ శుభలేఖ అందుకున్న చుట్టం లాంటిది. కర్ణాటక ఆటగాడు మెరిసినా మనోడే, తెలుగువాడు మెరిసినా మనోడే. ఇద్దరూ ఒకే మ్యాచ్‌లో మెరిస్తే ఇక చెప్పేదేముంది? అలాంటి మ్యాచ్‌లు టెస్టు చరిత్రలో చాలానే ఉన్నాయి.

ఈడెన్ లెక్క: 445 + 212 = 657

2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై లక్ష్మణ్ 281, రాహుల్ ద్రవిడ్ 180 కొట్టిన సంగతి తెలియనివారు ఉండరు. మార్చి 14న, నాలుగో రోజున, భారత్ ఒక్క వికెట్ కూడా కోల్పోలేదు. పొద్దున 4 వికెట్లకు 254తో మొదలుపెట్టి, సాయంత్రానికి అదే 4 వికెట్లకు 589 దగ్గర ఆపారు. హైదరాబాద్ కుర్రాడు 275, బెంగళూరు కుర్రాడు 155, ఇద్దరూ నాటౌట్. ఆ భాగస్వామ్యం చివరికి 376 పరుగుల దగ్గర ఆగింది.

అయితే ఈ మ్యాచ్ స్కోర్‌కార్డులో చాలామంది కంటికి ఆనని తమాషా ఒకటుంది. ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఆస్ట్రేలియా తొలి ఇన్నింగ్స్ 445, రెండో ఇన్నింగ్స్ 212. కలిపితే 657. భారత్ రెండో ఇన్నింగ్స్ ఎంతకు డిక్లేర్ చేసింది? సరిగ్గా 657కే! అంటే మన ఒక్క ఇన్నింగ్స్ వాళ్ల రెండు ఇన్నింగ్స్‌లకు చెల్లు. ఇక మిగిలింది ఫాలోఆన్ తెచ్చిపెట్టిన ఆ బీద తొలి ఇన్నింగ్స్ 171. గెలుపు తేడా కూడా 171 పరుగులే. సిగ్గుపడ్డ స్కోరే చివరికి గెలుపు తేడాగా తేలింది.

ఫాలోఆన్ ఆడి గెలవడం టెస్టుల్లో అది మూడోసారి. 1894లో సిడ్నీ, 1981లో లీడ్స్, 2001లో కోల్‌కతా. మూడుసార్లూ ఓడింది ఆస్ట్రేలియానే. ఆ ఆనవాయితీ 2023లో వెల్లింగ్టన్‌లో తప్పింది. న్యూజిలాండ్ చేతిలో ఇంగ్లండ్ ఒక్క పరుగు తేడాతో ఓడింది.

ఈడెన్‌కు ఇంకో వింత అలవాటుంది. టెస్టు అయిదు రోజులూ బ్యాట్ పట్టి క్రీజులో నిలబడ్డ తొలి ఆటగాడు హైదరాబాద్‌కు చెందిన ఎం.ఎల్. జయసింహ. 1960 జనవరిలో ఆస్ట్రేలియాపై తొలి ఇన్నింగ్స్‌లో మొదటి రోజు దిగి రెండో రోజు 20 నాటౌట్‌గా మిగిలాడు. మూడో రోజు మళ్లీ దిగి, నాలుగో రోజు నిలిచి, అయిదో రోజు 74 దగ్గర అవుటయ్యాడు. ఆ తర్వాత ఈ పని చేసిన భారతీయులు రవిశాస్త్రి, చతేశ్వర్ పుజారా. శాస్త్రి 1984-85లో, పుజారా 2017లో. ముగ్గురిదీ ఒకే మైదానం, ఈడెన్ గార్డెన్స్!

శాస్త్రి అయిదు రోజులూ ఆడిన ఆ టెస్టులోనే ఓ సన్నటి హైదరాబాద్ కుర్రాడు అరంగేట్రం చేసి 110 కొట్టాడు. అతనే అజహరుద్దీన్. 1952లో అదే ఈడెన్‌లో దీపక్ శోధన్ కూడా తొలి టెస్టులో సరిగ్గా 110 చేశాడు. శోధన్ కథ మూడు టెస్టులతో ముగిసింది. అజహర్ మాత్రం తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు బాది కొత్త చరిత్ర రాశాడు.

కాన్పూర్‌లో ఒక్క పరుగు

టెస్టు బ్యాటర్లకు 99 అంటే ఉన్న భయం అందరికీ తెలిసిందే. హైదరాబాదీలకు అది కాన్పూర్‌లో ఎదురైంది. 1960లో పాకిస్థాన్‌పై జయసింహ గంటల తరబడి ఓపిక పట్టి, 99 దగ్గర రనౌట్ అయ్యాడు. 1986లో శ్రీలంకపై అజహర్ అదే కాన్పూర్‌లో 199కి అవుటయ్యాడు. అతని అత్యధిక స్కోరు అదే. అతను ఆడిన టెస్టులు ఎన్ని? 99. వందో టెస్టు ఆడే భాగ్యం కలగలేదు.

199 దగ్గర అవుటైన రెండో భారతీయుడు కె.ఎల్. రాహుల్. కర్ణాటక వాడే. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్‌పై ఆ ఒక్క పరుగు దక్కలేదు. అతని అత్యధిక స్కోరూ అదే. రాహుల్ డబుల్ సెంచరీ పోగొట్టుకున్న ఆ ఇన్నింగ్స్‌లోనే మరో కర్ణాటక ఆటగాడు కరుణ్ నాయర్ 303 నాటౌట్‌గా నిలిచాడు. తొలి టెస్టు సెంచరీనే ట్రిపుల్‌గా మార్చిన మూడో బ్యాటర్ అతను. ముందున్న ఇద్దరు గ్యారీ సోబర్స్, బాబ్ సింప్సన్. ఇంత చేసినా నాయర్‌కు జట్టులో చోటు ఖాయం కాలేదు. 2017లో చోటు పోతే, తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2025 జులైలో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఆటగాడు జో రూట్ టెస్టు ఫీల్డర్‌గా 211వ క్యాచ్ పట్టి రాహుల్ ద్రవిడ్ రికార్డును దాటాడు. ఆ క్యాచ్‌కు అవుటైంది ఎవరనుకున్నారు? కరుణ్ నాయరే. కన్నడిగుడి రికార్డు చెరిగిపోవడానికి కర్ణాటక ఆటగాడి బ్యాటే కారణమైంది.

కాన్పూర్‌కు తీపి గుర్తులూ ఉన్నాయి. భద్రావతి కుర్రాడు గుండప్ప విశ్వనాథ్ 1969లో అక్కడే ఆస్ట్రేలియాపై అరంగేట్రం చేశాడు. తొలి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండో ఇన్నింగ్స్‌లో 137. అప్పటికి భారత క్రికెట్‌ను ఓ శాపం పట్టుకుని ఉంది. అరంగేట్రంలో శతకం కొట్టినవారెవరూ మళ్లీ టెస్టు శతకం చూడలేదు. లాలా అమర్‌నాథ్, శోధన్, కృపాల్ సింగ్, హైదరాబాద్‌కు చెందిన అబ్బాస్ అలీ బేగ్, హనుమంత్ సింగ్... అయిదుగురిదీ అదే కథ. దాన్ని విరిచింది విశ్వనాథ్. మొత్తం 14 శతకాలు చేశాడు. అతను శతకం చేసిన టెస్టుల్లో భారత్ ఒక్కటి కూడా ఓడలేదు. పైగా రంజీ అరంగేట్రంలో 230 కొట్టాడు. ఆ మ్యాచ్ 1967లో విజయవాడలో జరిగింది. మైసూరు తరఫున ఆంధ్రపై! పావగడ వాళ్లు ఎవరి తరఫున చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేని మ్యాచ్ ఏదైనా ఉందంటే అదే.

బెంగళూరుకూ అనంతపురానికీ మధ్య

కాన్పూర్‌లోనే 2021 నవంబరులో మరో అరంగేట్రం జరిగింది. ఈసారి అవతలి జట్టులో. న్యూజిలాండ్ కుర్రాడు రచిన్ రవీంద్ర 91 బంతులు అడ్డుకుని, 18 నాటౌట్‌గా నిలిచి మ్యాచ్‌ను డ్రా చేశాడు. చివరి 52 బంతులు అతనికి తోడున్నవాడు ఎజాజ్ పటేల్. రచిన్ తల్లిదండ్రులది బెంగళూరు, ఎజాజ్ పుట్టింది ముంబైలో. రచిన్ చిన్నప్పుడు తండ్రి నడిపే క్లబ్ జట్టుతో కలిసి అనంతపురం ఆర్‌డీటీ మైదానానికి సాధనకు వచ్చేవాడు. బెంగళూరు నుంచి అనంతపురం పోయే జాతీయ రహదారికి పడమటి వైపున ఉంది పావగడ.

అసలు కథ తర్వాతి వారం జరిగింది. ముంబైలో ఎజాజ్ 119 పరుగులకు పదికి పది వికెట్లూ తీశాడు. 1956లో జిమ్ లేకర్, 1999లో కుంబ్లే తర్వాత మూడో మనిషి అతను. ఆ పదిమందిలో 150 పరుగులు చేసిన మయాంక్ అగర్వాల్ కర్ణాటక వాడు. పదో వికెట్‌గా అవుటైన మహ్మద్ సిరాజ్ హైదరాబాద్ వాడు. ఆ క్యాచ్ పట్టింది రచిన్ రవీంద్ర! కుంబ్లే పదో వికెట్‌కు హైదరాబాద్ చేతులు క్యాచ్ పడితే, ఎజాజ్ పదో వికెట్‌కు హైదరాబాద్ బ్యాట్ అవుటైంది, బెంగళూరు మూలాలున్న చేతులు పట్టుకున్నాయి.

ఆ రచినే 2024 అక్టోబరులో బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో 134 కొట్టాడు. భారత్ ఆ టెస్టులో 46కే ఆలౌటైంది. 1988 తర్వాత భారత గడ్డపై న్యూజిలాండ్‌కు దక్కిన తొలి టెస్టు విజయం అది.

ఓవల్ మనకు అచ్చొచ్చిన చోటు

లండన్‌లోని ఓవల్ మైదానం పేరు చెబితే ముందు 1971 ఆగస్టు 24 గుర్తుకు రావాలి. ఇంగ్లండ్‌లో భారత్‌కు తొలి టెస్టు విజయం. పోలియోతో సన్నబడ్డ కుడి చేత్తోనే మైసూరు లెగ్‌స్పిన్నర్ చంద్రశేఖర్ 38 పరుగులకు ఆరు వికెట్లు పడగొట్టాడు. 101కే ఇంగ్లండ్ కుప్పకూలింది. విజయ ఫోర్ కొట్టింది హైదరాబాద్ ఆల్‌రౌండర్ అబిద్ అలీ. మైసూరు బంతి, హైదరాబాద్ బ్యాట్.

చంద్రశేఖర్ గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పుకోవాలి. 58 టెస్టుల్లో తీసిన వికెట్లు 242, చేసిన పరుగులు 167. పరుగుల కంటే వికెట్లే ఎక్కువ! 1977-78లో మెల్‌బోర్న్‌లో తొలి ఇన్నింగ్స్‌లో 52 పరుగులకు 6 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ 52 పరుగులకు 6 వికెట్లే. అచ్చు గుద్దినట్టు. ఆస్ట్రేలియా గడ్డపై భారత్ గెలిచిన తొలి టెస్టు అది.

మళ్లీ ఓవల్‌కు వద్దాం. 2007లో కుంబ్లే ఇక్కడే తన 118వ టెస్టులో తొలి సెంచరీ కొట్టాడు. ఆ సిరీస్‌లో భారత్ తరఫున వచ్చిన ఒకే ఒక్క సెంచరీ అది. స్కోరెంత? 110 నాటౌట్. పది వికెట్ల ముగ్గురిలో టెస్టు శతకం ఉన్నది కుంబ్లేకొక్కడికే.

2018లో ఓవల్‌లోనే కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొలి టెస్టు ఆడాడు. అలిస్టర్ కుక్‌కు అదే చివరి టెస్టు. 125 చేసిన జో రూట్‌ను ఒక బంతికి, 147 చేసిన కుక్‌ను మరుసటి బంతికి విహారి వెనక్కి పంపాడు. తొలి టెస్టులోనూ చివరి టెస్టులోనూ సెంచరీ చేసిన అరుదైన వరుసలో కుక్ చేరింది అప్పుడే. ఆ వరుసలో అంతకుముందు ఉన్నవాళ్లు రెగీ డఫ్, బిల్ పోన్స్‌ఫోర్డ్, గ్రెగ్ చాపెల్, మన అజహర్. అజహర్ చివరి టెస్టు సెంచరీ 102, 2000 మార్చిలో బెంగళూరులో వచ్చింది. తొలి సెంచరీల లెక్క చూడండి: డఫ్ 104, కుక్ 104. పోన్స్‌ఫోర్డ్ 110, అజహర్ 110.

ఓవల్‌లోనే 2025 ఆగస్టు 4 నాటి ఉదయం ఇంకా అందరి కళ్లముందే ఉంది. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, భారత్‌కు నాలుగు వికెట్లు కావాలి. అందులో మూడు సిరాజ్ తీశాడు, ఒకటి ప్రసిద్ధ్ కృష్ణ తీశాడు. హైదరాబాద్ ఒక ఎండ్, బెంగళూరు ఒక ఎండ్. ఆరు పరుగుల గెలుపు, టెస్టుల్లో భారత్‌కు ఇదే అతి స్వల్ప తేడా. సిరాజ్ రెండు ఇన్నింగ్స్‌లలో 4, 5 వికెట్లు తీస్తే, ప్రసిద్ధ్ 4, 4 తీశాడు. 1969లో ఢిల్లీలో బిషన్ బేడీ, బెంగళూరు స్పిన్నర్ ప్రసన్న కూడా ఇలాగే రెండు ఇన్నింగ్స్‌లలోనూ నాలుగేసికి తగ్గకుండా పంచుకున్నారు.

ఓవల్‌లోనే 1936లో తన రెండో, ఆఖరి టెస్టు ఆడిన మద్రాసు తెలుగువాడు కోట రామస్వామిని చాలామంది మరిచిపోయారు. బుచ్చిబాబు నాయుడి కొడుకు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. పద్నాలుగేళ్ల తర్వాత, నలభై ఏళ్లు నిండాక, మాంచెస్టర్‌లో టెస్టు అరంగేట్రం చేసి 40, 60 కొట్టాడు. ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండు టెస్టుల సగటు 56.66. 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో ఇంట్లోంచి బయటికి వెళ్లి మరి తిరిగి రాలేదు.

ఒక్క బంతి మిగిలింది

ఇక ప్రపంచం సంగతి. టెస్టు చరిత్రలో టై అయిన మ్యాచ్‌లు రెండే: 1960లో బ్రిస్బేన్, 1986లో చెన్నై. రెండింట్లోనూ ఆస్ట్రేలియా ఉంది. బాబ్ సింప్సన్ మొదటి దాంట్లో ఆటగాడు, రెండో దాంట్లో కోచ్. బ్రిస్బేన్‌లో ఎనిమిది బంతుల ఓవర్లో ఏడో బంతికి ఆట ముగిసింది. చెన్నైలో ఆరు బంతుల ఓవర్లో అయిదో బంతికి ముగిసింది. రెండుచోట్లా మిగిలింది ఒక్క బంతే.

1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో జరిగిన మొట్టమొదటి టెస్టులో ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది. నూరేళ్ల పండుగగా 1977లో అదే మైదానంలో, అదే ఇంగ్లండ్‌పై ఆడిన టెస్టులోనూ 45 పరుగులతోనే గెలిచింది. 1972లో లార్డ్స్‌లో బాబ్ మాసీ తొలి టెస్టులోనే 137 పరుగులిచ్చి 16 వికెట్లు తీస్తే, 1988లో చెన్నైలో నరేంద్ర హిర్వాణీ తొలి టెస్టులో 136 పరుగులకు 16 తీశాడు. ఇద్దరూ ఇన్నింగ్స్‌కు ఎనిమిదేసి చొప్పున. ఇంగ్లండ్ కీపర్ అలెక్ స్టీవార్ట్ పుట్టినరోజు 8-4-63. టెస్టుల్లో చేసిన పరుగులు 8,463.

111 అంకెను క్రికెట్‌లో అపశకునంగా చూస్తారు. 2011 నవంబరు 11న కేప్‌టౌన్‌లో ఉదయం 11 గంటల 11 నిమిషాలకు దక్షిణాఫ్రికా గెలుపుకు కావలసినవి సరిగ్గా 111 పరుగులు. అంపైర్ ఇయాన్ గౌల్డ్ ఒంటికాలి మీద నిలబడి నవ్వించాడు. 2025 ఓవల్‌లో ప్రసిద్ధ్ బంతికి హ్యారీ బ్రూక్ ఇచ్చిన క్యాచ్‌ను బౌండరీ దగ్గర సిరాజ్ పట్టి కూడా తాడు తొక్కేశాడు. 19 దగ్గర బతికిపోయిన బ్రూక్ ఎంత కొట్టాడంటే, 111!

ఇందులో మాయేమీ లేదు

టెస్టులు ఇప్పటికి 2,500 దాటాయి. ఒక్కో మ్యాచ్‌లో నలభై దాకా వ్యక్తిగత స్కోర్లు, వాటితో పాటు బౌలింగ్ లెక్కలు, తేదీలు, తేడాలు ఉంటాయి. ఇన్ని అంకెల మధ్య కొన్ని ఒకదానికొకటి తగలకపోతేనే వింత. అరంగేట్ర సెంచరీ వీరుల్లో చాలామంది ఇన్నింగ్స్ నూరు దాటాక ఎక్కువ దూరం సాగదు. విశ్వనాథ్‌కు ముందున్న ఆ అయిదుగురి స్కోర్లూ 100, 105, 110, 112, 118 అంటూ ఒకే గుంపులో చేరాయి. కర్ణాటక, హైదరాబాద్ రెండూ దశాబ్దాలుగా భారత జట్టుకు ఆటగాళ్లను ఇస్తూనే ఉన్నాయి కాబట్టి రెండు చేతులూ ఒకే స్కోర్‌కార్డులో కలవడమూ సహజమే. అంతా సహజమని తెలిశాక కూడా 445, 212 కలిపి 657 తేలినప్పుడు నోరు తెరుచుకుంటుంది. అదే ఈ ఆట సరదా.

ఇవన్నీ మనకు తెలియడానికి కారణం ఒక్కటే. 1877 నుంచి ప్రతి టెస్టులో ఎవరో ఒకరు కూర్చుని స్కోరు రాశారు. ఎవరు అవుటయ్యారో, క్యాచ్ ఎవరు పట్టారో, ఏ అంపైర్ నిలబడ్డాడో అంతా రాసిపెట్టారు. మన తాలూకాల్లో సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరకు జరిగే టోర్నమెంట్లలో స్కోరు పుస్తకం కప్పు అందజేసిన సాయంత్రమే ఏ మూలకో చేరుతుంది. పావగడ, వై.ఎన్. హొసకోట, మడకశిర, హిందూపురం కుర్రాళ్లకు చెప్పేదొక్కటే: ఈసారి ఆ పుస్తకం పారేయకండి. తేదీ, ఊరు, టాస్, అంపైర్ల పేర్లు, క్యాచ్ పట్టినవాడి పేరు తప్పకుండా రాయండి. ఆట అయ్యాక ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసి దాచండి.